మధ్యాహ్నం సీరియల్

ఒకే ఎపిసోడ్‌ని వరసగా మూడు రోజులు, మొదటి నుంచి చివరిదాకా, కాస్త కూడా ముందుకు జరపకుండా చూసేవాళ్ళు ఎవరన్నా ఉంటారా? ఉంటారు. కొడవలూరు మండలంలో ఉంటారు. ఫేబీ తన కంప్యూటర్‌లో ‘నాలుగో ఇల్లు’ అని పేరు పెట్టుకున్న ఇంట్లో ఉంటారు.

పోయిన వారం మధ్యాహ్నం సీరియల్ వేసే చానల్ వాళ్ళకి ఏం ఇబ్బంది వచ్చిందో, సోమవారం వేసిన భాగాన్నే మంగళవారమూ బుధవారమూ తిప్పి తిప్పి వేశారు. మిగతా ఇళ్ళలో జనం తిట్టుకుని చానల్ మార్చేశారు. నాలుగో ఇంట్లో మార్చలేదు. పైగా మూడు రోజులూ చివర్లో రిమోట్ మీద బొటనవేలు బొమ్మ నొక్కారు, బాగుందని. సీరియల్ అయిపోయాక ఫేబీ తయారుచేసిన సిస్టమ్ దానంతటదే మంచు ఎలుగుబంట్ల మీద ఏదో కార్యక్రమం వేస్తే అదీ పూర్తిగా నడిచింది. అదీ బాగుందన్నారు.

“అబ్బ, ఏం ఓపిక తల్లీ!” అనుకుంది ఫేబీ.

ఆమెకు చిన్నప్పటి నుంచీ ఒక పిచ్చి. ఏదైనా ఎందుకలా ఉందో తెలీకపోతే అన్నం సయించదు. బిట్రగుంట రైల్వే కాలనీలో ఉన్నప్పుడు గూడ్సు బండి పెట్టెల మీద రాసిన అంకెలకి అర్థం చెప్పమని కనపడిన ప్రతి రైల్వే మనిషినీ నిలబెట్టి అడిగేది. వాళ్ళమ్మ నవోమి తల కొట్టుకునేది. ఆ పిచ్చే ఆమెను పీహెచ్‌డీ దాకా లాక్కొచ్చింది.

పరిశోధన పేరు చెబితే చుట్టాలు మాట మార్చేస్తారు గానీ సంగతి పెద్ద కష్టమైందేమీ కాదు. ఇంటర్నెట్ టీవీలో లెక్కలేనన్ని కార్యక్రమాలు ఉంటాయి. వాటిలో ఏ మనిషికి ఏది కావాలో మెషిన్‌కి తెలీదు. దానికి మాటలు తెలుసు, మాటల అర్థం తెలీదు. అందుకని ఫేబీ దానికి చిన్నపిల్లకి చుట్టరికాలు నేర్పినట్టు నేర్పుతుంది. ఈ సీరియల్‌లో ఫలానా నటి ఉంది, ఆ నటి ఫలానా సినిమాలోనూ చేసింది, ఆ సినిమా పల్లెటూరి కథ, ఈ ఇంటివాళ్ళకి పల్లెటూరి కథలంటే ఇష్టం. ఇట్లా దేనికి ఏది ఏమవుతుందో కలుపుకుంటూ పోతే కొన్నాళ్ళకి మెషినే చెబుతుంది, రేపు ఈ ఇంటికి ఇది చూపించమని. సెమాంటిక్ వెబ్ అంటే ఇంతే. నెల్లూరు చుట్టుపక్కల కొన్ని ఇళ్ళలో నెట్ టీవీ బాక్సులు పెట్టి, మెషిన్ ఎంతవరకు నేర్చుకుందో ఆమె పరీక్షిస్తూ ఉంది. సోమవారం కమిటీ ముందు సెమినార్. అది దాటితే థీసిస్ ఇచ్చేయొచ్చు. దాటకపోతే మళ్ళీ మొదటికి.

“నాలుగో ఇల్లే మనల్ని ఒడ్డున పడేస్తుంది,” అన్నారు గైడ్ నరేంద్రబాబు గారు, కుర్చీ ఆమె స్క్రీన్ దగ్గరికి జరుపుకుని. “మిగతా ఇళ్ళు అటూ ఇటూ ఊగుతున్నాయి. ఇక్కడ మాత్రం మన సిస్టమ్ ఏం వేస్తే అది చూస్తున్నారు. ఇంకేం కావాలమ్మా?”

“అదే సార్ నాకు అర్థం కానిది. సీరియల్ బాగుందంటారు, ఎలుగుబంటీ బాగుందంటారు. అన్నీ నచ్చేవాళ్ళు ఎవరుంటారు సార్?”

“అల్పసంతోషులు. నీకొచ్చిన నష్టమేంది?” నరేంద్రబాబు గారు నవ్వి, పెన్నుతో స్క్రీన్ మీద తట్టారు. “ఒకటే చిక్కు. ఈ బాక్స్ ముందు ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుంటారన్నావు. మనమేమో మనిషి మనిషికీ వేరువేరుగా అని చెప్పుకుంటున్నాం. ఈ ఇష్టం ఇద్దరిలో ఎవరిదమ్మా అని కమిటీలో ఒకరైనా అడక్కుండా ఉంటారా? రెండో ఆమె ఇంట్లో ఇంకో బాక్స్ పెట్టు. ఎవరిది వాళ్ళకి విడదీయి. ఈ నాలుగు రోజుల్లో వచ్చిందే చాలు మనకి.”

ఫేబీకి ఆ మాట బాగా నచ్చింది. ఆ ఇద్దరిలో ఎలుగుబంట్లు ఎవరికి ఇష్టమో కనీసం తెలుస్తుంది గదా అనుకుంది.

గురువారం మధ్యాహ్నం ఫేబీ స్కూటీ ఆ ఇంటి ముందు ఆగేసరికి సీరియల్ పాట వీధి చివరిదాకా వినపడుతోంది.

ఒకప్పుడు అది ఒకటే ఇల్లు. ఇప్పుడు ముంగిట్లో గోడ లేచి రెండయింది. ఇటువైపు అన్న రమణయ్య, ఆయన భార్య వెంకటశేషమ్మ. అటువైపు తమ్ముడు మస్తానయ్య, ఆయన భార్య పెంచలమ్మ. బోరు నీళ్ళ దగ్గర వచ్చిన గొడవతో అన్నదమ్ములకు మాటల్లేవు. ఎదురుపడితే ఒకరు ఆకాశంలోకి, ఇంకొకరు చెప్పుల్లోకి చూసుకుంటూ పోతారు. తోడికోడళ్ళు మాత్రం ఈ సీరియల్ వేళకి శేషమ్మ ఇంట్లో కలుస్తారు.

ఫేబీ గడప దగ్గర చెప్పులు విడిచి, “అక్కా,” అని పిలిచింది. లోపల ఏదో సర్దుకున్న చప్పుడు. ఆమె వెళ్ళేసరికి ఇద్దరూ టీవీకి ఎదురుగా నిటారుగా కూర్చుని ఉన్నారు. ఇద్దరి మధ్యా చింతపండు చాట. శేషమ్మ పెంకు వలిచి ఈనెలు లాగి ఇస్తే, పెంచలమ్మ గింజలు తీసి ఇటు పండూ అటు గింజా వేస్తోంది. చేతులు వాటంతటవే నడుస్తున్నాయి.

“సౌండ్ కొంచెం తగ్గిస్తానక్కా,” అని ఫేబీయే రిమోట్ తీసుకుని తగ్గించింది.

“మీకిద్దరికీ ఈ సీరియల్ బాగా ఇష్టం కదా?”

“అవునమ్మా, బాగుంటది,” అంది శేషమ్మ.

“శానా బాగుంటది,” అంది పెంచలమ్మ.

“మరి ఎలుగుబంట్లు?”

తోడికోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “అవీ బాగుంటయ్,” అంది శేషమ్మ జాగ్రత్తగా.

ఫేబీ సంచీలోంచి కొత్త బాక్స్ తీసి, ఇది పెంచలమ్మక్క ఇంట్లో పెట్టడానికి తెచ్చానని చెప్పింది. పెంచలమ్మ వేళ్ళు గింజ మీదే ఆగిపోయాయి.

“మాకెందుకమ్మా ఇంకొకటి? ఇద్దరం ఈడనే చూస్తా ఉండాం గదా.”

“మీకు నచ్చింది మీరు, అక్కకి నచ్చింది అక్క చూసుకోవచ్చు.”

“మా ఇద్దరికీ నచ్చేది ఒకటేనమ్మా.”

“వాళ్ళింట్లో టీవీ పాతది,” శేషమ్మ అందుకుంది. “దానికి ఈ డబ్బా కుదరదేమో చూడు.”

“కుదురుతుందక్కా. వేరే వైరు తెచ్చాను.”

మొహమాటపడుతున్నారనుకుంది ఫేబీ. ఈ పల్లెటూళ్ళలో ఏదిచ్చినా ముందు వద్దంటారు, తర్వాత తీసుకుంటారు, అది మర్యాద అని ఆమెకొక నమ్మకం. ఇంతలో వీధిలోంచి గొంతు వినపడింది. మస్తానయ్య. పొలం నుంచి వస్తూ అన్న ఇంటి ముందు స్కూటీ చూసి ఆగాడు. గడప తొక్కకుండా వీధిలోనే నిలబడి అడిగాడు.

“ఏందమ్మా అది, కొత్త డబ్బానా? ఎవురికి?”

“మీ ఇంటికే అన్నా.”

మస్తానయ్య మొహం వెలిగిపోయింది. “అట్టా చెప్పు! ఆ ఇంట్లో పెట్టి మా ఇంట్లో పెట్టకపోతే ఎట్టా అని నేనే అడుగుదామనుకుంటా ఉండా. రా, రా, పెట్టు. పెంచలా! ఇంక నువ్వు సీరియల్ కోసం ఒకరింటికి పోయే పన్లేదు. దర్జాగా మన ఇంట్లో కూచోని చూసుకో.”

పెంచలమ్మ కొంగు దులుపుకుని లేచింది. చాట వంక ఒకసారి చూసింది. తన వాటా చింతపండు ఇంకో చాటలోకి ఎత్తుకుని, “వస్తా అక్కా,” అంది. శేషమ్మ తలెత్తకుండా, “పోయిరా,” అంది.

బాక్స్ పెట్టడం ఎంతోసేపు పట్టలేదు. టీవీలో బొమ్మ రాగానే మస్తానయ్య ఫేబీకి మజ్జిగ ఇప్పించాడు. పెంచలమ్మ గ్లాసు అందించింది గానీ ఒక్క మాటా మాట్లాడలేదు. ఎంత మంచి పని జరిగింది ఈ రోజు అనుకుంటూ ఫేబీ హైవే ఎక్కింది. పాపం, నిజంగానే అనుకుంది.

శుక్రవారం సీరియల్ వేళకి కంప్యూటర్ ముందు కూర్చుంటే నాలుగో ఇంట్లో టీవీ పెట్టనే లేదు. కరెంట్ పోయిందేమో అనుకుంది. కొత్త ఇంట్లో పెట్టారు. పెట్టి సీరియల్ కాసేపు ఉంచి వంటల చానల్‌కి పోయారు, అక్కణ్ణుంచి భక్తి చానల్‌కి, అక్కణ్ణుంచి వార్తలకి, అక్కణ్ణుంచి ఎవరికీ అర్థం కాని ఏదో భాషకి. ఎక్కడా నిలబడలేదు. బొటనవేలు బొమ్మ ఎవరూ నొక్కలేదు.

“నెట్ చూడమ్మా,” అన్నారు నరేంద్రబాబు గారు. నెట్ బాగుంది. సర్వర్ బాగుంది. తను రాసిన ప్రోగ్రాం అంతా ఫేబీ మళ్ళీ చదివింది, అదీ బాగుంది. శనివారం కూడా అదే వరస. ఇంత వింతని పెట్టుకుని ఎవరన్నా ల్యాబ్‌లో కూర్చుంటారా? పాత ఎపిసోడ్‌ని మూడుసార్లు చూసినవాళ్ళు కొత్త ఎపిసోడ్‌ని ఒక్కసారి కూడా ఎందుకు చూడరు? ఫేబీ హెల్మెట్ తీసుకుని బయల్దేరింది.

శేషమ్మ ఒక్కతే చాట ముందు కూర్చుని ఉంది. పెంకు తనే వలిచి, ఈనెలు తనే లాగి, గింజలూ తనే తీసుకుంటోంది. టీవీ మీద తువ్వాలు కప్పి ఉంది.

“సీరియల్ పెట్టుకోలేదేం అక్కా?”

“తలనొప్పిగా ఉందమ్మా.”

“నిన్న కూడానా?”

“నిన్న కూడా.”

“అయ్యో, నిన్న మంచి భాగం వచ్చిందే. లావణ్య పుట్టింటికి వెళ్ళిపోయింది కదా.”

“ఎవురూ?”

“లావణ్య అక్కా.”

“ఏ లావణ్య? మన పోలయ్య మనవరాలా?”

ఫేబీ నవ్వింది. శేషమ్మ నవ్వలేదు. నిజంగానే అడుగుతోంది. ఆ సీరియల్‌లో ప్రతి రెండు మాటలకీ ఒకసారి ఎవరో ఒకరు లావణ్యా అని అరవకుండా ఉండరు. చిన్న కోడలు ఆమె, కథంతా ఆమెదే. ఆర్నెల్లుగా ఈ ఇంట్లో ఒక్క రోజు తప్పకుండా ఆ అరుపులు మోగుతూనే ఉన్నాయి.

“అక్కా,” ఫేబీ చాట పక్కన కింద కూర్చుంది. “మీరు సీరియల్ చూడరు కదా?”

శేషమ్మ వాకిలి వైపు చూసింది. గోడ వైపు చూసింది. తర్వాత పమిట నోటికి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, భుజాలు ఊగిపోయేటట్టు నవ్వింది.

“నా కళ్ళజోడు విరిగి ఏడాదైంది తల్లీ. ఆ బొమ్మలు నాకు యాడ ఆనతయ్? ఏవో రంగు చీరలు అటూ ఇటూ తిరగతా ఉంటయ్.”

“మరి పెంచలమ్మక్క?”

“అది టీవీకి వీపు పెట్టి కూచుంటది. నువ్వొస్తే ఇట్టా తిరగతాం. అయిపోయినాక నువ్వు చెప్పినావని ఆ బొటనేలు బొమ్మ నొక్కతాం.”

“మరి అంత సౌండ్ ఎందుకక్కా?”

“లేకపోతే మా మాటలు లోపల మా ఆయనకి వినపడవా? గోడవతల మా మరిదికి వినపడవా?” శేషమ్మ నవ్వు తగ్గింది. గింజ ఒకటి నొక్కి తీసింది. “వాళ్ళు మాట్లాడుకోరు. మమ్మల్ని మాట్లాడుకోబాకండని ఎవురూ అన్లా. అయినా ఊరికే పోయి కూచుంటే ఏం మాట్లాడినావు, వాళ్ళేమన్నారు, పొలం సంగతి ఏమన్నా వచ్చిందా అని రాత్రికి పీక్కుతింటారు. సీరియల్‌కి పోయొచ్చినానంటే ఎవురూ ఏమీ అడగరు. మాకు అక్కచెల్లెళ్ళు లేరమ్మా, ఇద్దరికీ. ఈ ఇంట్లోకి వచ్చినాక మాకు మేమే.”

ఎలుగుబంటి, మూడు రోజుల ఎపిసోడ్, బొటనవేలు బొమ్మ, అన్నిటి చిక్కుముడీ ఒక్కసారి విడిపోయింది. తెలుసుకున్న సంతోషం ముందు వచ్చింది, ఎంత వద్దనుకున్నా. దాని వెనకే సిగ్గేసింది. ఎవరూ అడక్కుండా డబ్బా పట్టుకొచ్చి ఇద్దరి మధ్యా పెట్టిపోయిన ఘనత తనదే మరి.

“అంతసేపు ఏం మాట్లాడుకుంటారక్కా రోజూ?” అడక్కుండా ఉండలేకపోయింది.

శేషమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “ఏముంటయ్. ఉంటయ్,” అంది.

“నేను వెళ్ళి ఆ బాక్స్ ఇప్పుడే తీసుకొచ్చేస్తాను.”

“ఆ పని మాత్రం చేయబాక తల్లీ!” శేషమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. వేళ్ళు జిగటగా ఉన్నాయి. “మా ఇంట్లో ఉంచి వాళ్ళింట్లోది తీసేస్తే మా మరిది ఊరుకుంటాడా? తక్కువ చేసినారని గోడ ఇంకో వరస లేపుతాడు. మా ఇంట్లోదీ తీసేస్తే సీరియల్ మాటే ఉండదు. పెట్టినావు గదా, ఉండనీ. ఎట్టనో ఒకటి అవుతదిలే.”

ఎట్లా అవుతుందో ఇద్దరికీ తెలీదు. తిరిగి వెళ్తూ ఫేబీ పక్కింటి వైపు చూసింది. పెంచలమ్మ రిమోట్ పట్టుకుని ఒకటి తర్వాత ఒకటి నొక్కుకుంటూ పోతోంది. మంచం మీంచి మస్తానయ్య చెయ్యెత్తి, “బాగా వస్తా ఉందమ్మా!” అన్నాడు.

దారిలో స్కూటీ ఆపి గైడ్‌కి ఫోన్ చేస్తే ఆయన చివరిదాకా విని, కోప్పడకపోగా ఎగిరి గంతేసినంత పని చేశారు.

“అమ్మాయ్, నీకర్థమవుతోందా? టీవీ ఆడుతుంటే చూస్తున్నట్టే అని ప్రపంచమంతా లెక్కేసుకుంటోంది. మన సిస్టమ్‌కి ఎక్కువ మార్కులొచ్చిన ఇంట్లో అసలు చూసేవాళ్ళే లేరు! దీనికి మించిన ఫైండింగ్ ఏముంది? సోమవారం ఇదే చెప్పు. కమిటీ నోరెత్తదు. ఒక చాప్టర్ కలిపి నెలలో ఇచ్చేయొచ్చు.”

ఆయన చెప్పింది నిజమే. ఫేబీకి ఒళ్ళు పులకరించింది కూడా. ఆ సాయంత్రమే స్లైడు తయారు చేసింది. కానీ తువ్వాలు కప్పిన టీవీ మాత్రం మనసులోంచి పోలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనానికి కూడా ఆగకుండా మళ్ళీ బయల్దేరింది. “ఈ రోజు కూడానా?” అని నవోమి అరుస్తూనే ఉంది. ఏం చెప్పి ఆ బాక్స్ వెనక్కి తేవాలో ఫేబీ దారి పొడుగునా ఆలోచించింది. ఏది అనుకున్నా మస్తానయ్య మొహం కళ్ళ ముందుకొచ్చి అడ్డం పడింది.

ఊరి మొదట్లో, కాలవ వంతెన మీద, ఆ మస్తానయ్యే కూర్చుని ఉన్నాడు. పక్కన ఎరువుల సంచి. ఆమెను చూసి లేచి చెయ్యి అడ్డం పెట్టాడు.

“నువ్వు వస్తావనే చూస్తా ఉండా. ఇదిగో,” అని సంచి అందించాడు. లోపల బాక్స్. ఎత్తితే నీళ్ళు కారాయి.

“అయ్యో, ఏమైందన్నా?”

“నీళ్ళు పడినాయి.”

“ఎట్లా?”

“ఎట్టనో.” మస్తానయ్య కాలవ వైపు చూశాడు. “బిందె అంచుకు తగిలి పడినాయి.”

టీవీ బల్ల మీద బిందె ఎవరు పెడతారు? ఫేబీ అడగబోయి ఆయన మొహం చూసి ఆగింది. బహుశా తన జన్మలో మొదటిసారి.

“పర్లేదన్నా. ఇంకోటి ఉంది, రేపు తెచ్చి...”

“తేబాక!” అన్నాడు గట్టిగా. తర్వాత గొంతు తగ్గించాడు. “తేబాకమ్మా. ఇంకొకటి లేదంటావో, మా ఇంటికి పడదంటావో, నీ ఇష్టం. మూడు రోజులైంది ఆమె నోరిప్పి. అన్నం పెడతాది, నీళ్ళిస్తాది, పోయి ఆ టీవీ ముందు కూచుంటాది. నోట్లో నాలుక లేనట్టు. నాకేం మాటలు వస్తాయి ఆమెతో మాట్లాడేదానికి? వడ్లు, నీళ్ళు, బోరు. అంతే గదా నాకొచ్చేది.”

“మీరే వెళ్ళమని చెప్పొచ్చు కదా అన్నా?”

“నేనెట్టా చెప్తానమ్మా?” అన్నాడు మస్తానయ్య, ఇంత చదువుకున్న పిల్ల ఇదేం ప్రశ్న వేస్తోందన్నట్టు. “పో, పోయి ఆమెతో చెప్పు, డబ్బా చెడిపోయిందని. నేను చెప్పినానని మాత్రం చెప్పబాక.”

ఆయనే ముందు నడిచాడు. ఇంటి ముందుకి రాగానే వీధి వీధంతా వినపడేటట్టు అరిచాడు. “ఈ డబ్బా ఇంక బాగుపడదంట! కొత్తది కూడా లేదంట! నీ సీరియల్ యాడ చూసుకుంటావో నాకు తెలవదు!”

పెంచలమ్మ బయటికి వచ్చింది. మొగుడి వంక చూసింది, సంచి వంక చూసింది, ఫేబీ వంక చూసింది. “అవునక్కా, పాడైపోయింది,” అంది ఫేబీ. పెంచలమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. లోపలికి పోయి చాట చంకన పెట్టుకుని వచ్చింది. వీధిలో ఆమె అడుగులు ఎంత తొందరగా పడుతున్నాయో చూసి ఫేబీకి కళ్ళు చెమర్చాయి.

ఆమె అటు గడప తొక్కిందో లేదో, ఇటు నుంచి రమణయ్య భుజాన తువ్వాలు వేసుకుని బయటికి వచ్చాడు. ఎండ మాడిపోతోంది, కోతలైపోయిన పొలంలో ఈ వేళప్పుడు ఏం పనో. తమ్ముడు ఎదురుగా నిలబడి ఉంటే అలవాటుగా ఆకాశంలోకి చూశాడు. తమ్ముడు చెప్పుల్లోకి చూసుకున్నాడు. దాటిపోతూ రమణయ్య ఫేబీ దగ్గర ఆగాడు.

“అమ్మాయ్, మొన్న వచ్చి టీవీ సౌండ్ తగ్గించిపోయినావంట.”

“అవునండీ, మరీ ఎక్కువగా ఉందని...”

“తగ్గించబాక,” అన్నాడాయన. “ఎంత ఉంటే అంత ఉండనీ.” అని పొలం దారి పట్టాడు.

లోపల టీవీ మోత వీధిలోకి వచ్చేసింది. ఎవరో లావణ్యా అని అరుస్తున్నారు.

సోమవారం సెమినార్‌కి బయటి యూనివర్సిటీ నుంచి ప్రత్యూష మేడం వచ్చారు. నిమ్మళంగా వింటారు, అడిగేది మాత్రం ఎముక దాకా అడుగుతారని పేరు. ఫేబీ ఒక్కో ఇంటి లెక్కా చెప్పుకుంటూ వచ్చింది. తర్వాత స్లైడు నాలుగో ఇల్లు. నరేంద్రబాబు గారు చేతులు కట్టుకుని, ఇప్పుడు చూడండి అన్నట్టు వెనక్కి వాలారు.

“ఇది ఏ ఊరమ్మా?” అడిగారు ప్రత్యూష మేడం.

“కొడవలూరు మండలం మేడం.” ఊరి పేరు కూడా చెప్పింది.

“అరే! మా మేనత్తని ఆ ఊరికే ఇచ్చారు. పోయిన పండక్కి కూడా వెళ్ళాను. ఎవరిల్లు?”

ఫేబీ చెయ్యి మౌస్ మీద ఆగింది.

చెప్పిందంటే సాయంత్రానికి ఈ కబురు ఆ మేనత్తకి చేరుతుంది. చెడ్డ ఉద్దేశంతో కాదు, తమాషాగా. మర్నాటికి పాల కేంద్రం దగ్గర ఎవరో శేషమ్మని ఆటపట్టిస్తారు, మీరు సీరియల్ చూడరంటగా అని. ఊరందరూ నవ్వుతారు. ఊరి ముందు ఆ మాట వచ్చాక ఆ అన్నదమ్ములిద్దరూ ఇంకా తెలీనట్టు ఉండగలరా? మొగాళ్ళు గదా, ఏదో ఒకటి అనాలి. అనకపోతే చిన్నతనం. ఒకసారి అన్నాక ఇక ఏ సీరియలూ ఆ గోడని దాటించలేదు. నలుగురూ నాలుగు వైపులా పట్టుకుని జాగ్రత్తగా నిలబెట్టుకున్నది అది. నలుగురూ చూడనట్టు ఉంటేనే నిలబడుతుంది.

నిజం చెబితే ఈ రోజుతో అయిపోతుంది. ఇన్నేళ్ళ చదువు ఒడ్డున పడుతుంది. ఆమెకు ఎంత చెప్పాలని ఉందంటే, నాలుక చివర దురద పెట్టినట్టుంది.

“ఈ ఇంటి లెక్కలు తీసేస్తున్నాను మేడం,” అంది ఫేబీ. “బాక్స్ మీద నీళ్ళు పడ్డాయి.”

నరేంద్రబాబు గారి చేతులు విడిపోయాయి. నోరు తెరిచారు. ఫేబీ ఆయన వైపే చూస్తోంది. ఆయన నోరు మూసుకుని, దగ్గి, మంచినీళ్ళ సీసా అందుకున్నారు.

“అయితే మిగతా ఇళ్ళతో మీ సిస్టమ్ బాగా పనిచేస్తుందని చెప్పలేం కదమ్మా?” అన్నారు ప్రత్యూష మేడం.

“చెప్పలేం మేడం.”

“ఇంకొన్ని ఇళ్ళు తీసుకుని మళ్ళీ చెయ్యాలి. వానలు వెళ్ళాక రండి.”

“సరే మేడం.”

బయట వరండాలో నరేంద్రబాబు గారు ఆ చివరిదాకా నడిచి వెనక్కి వచ్చారు. తర్వాత, “పేరు మార్చి, ఊరు మార్చి రాసుండొచ్చు గదమ్మా,” అన్నారు. కోపం లేదు గానీ బాధ ఉంది గొంతులో.

“మన జిల్లాలో ఊరు మారిస్తే మాత్రం తెలియకుండా పోతుందా సార్?”

ఆయన తల పంకించారు. “నాకైతే ఆ ఇంట్లో కూర్చుని వినాలని ఉంది. రోజూ అంతసేపు ఏం మాట్లాడుకుంటారో.”

“నాకూ ఉంది సార్,” అంది ఫేబీ.

ల్యాబ్‌కి వచ్చి కంప్యూటర్ తెరిచింది. సీరియల్ వేళయింది. స్క్రీన్ మీద నాలుగో ఇంటి పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది. సౌండ్ గీత పైపైకి చివరికంటా పోయి ఆగింది. ఏడుపొచ్చేంత సంతోషం వేసింది ఆమెకు, ఆర్నెల్ల పని పోయిందన్న బెంగ పక్కనే ఉండగా. కాసేపు ఆ చుక్కనే చూస్తూ కూర్చుంది. ఈ వేళ ఎంతసేపు కూర్చుంటారో, మధ్యలో ఎవరన్నా వస్తే సౌండ్ తగ్గిస్తారో లేదో, రేపు కూడా ఇంతేసేపు ఉంటారో, అన్నీ ఇక్కణ్ణుంచే కనిపెట్టొచ్చు.

ఫేబీ ఆ ఇంటి టీవీ ఆడేది ఆడనిచ్చి, దాని లెక్క తనకు చేరకుండా ఆపేసింది. చుక్క ఆరిపోయింది. ఇక ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఆమెకు కూడా తెలీదు.